మెట్‌ఫార్మిన్, మతిమరుపు, అమ్మ బి12

పోయిన కార్తీకమాసంలో ఒక సాయంత్రం మా పిన్ని ఫోన్ చేసి, యోగక్షేమాలు కూడా పూర్తిగా అడగకుండానే, "అమ్మాయ్, మీ అమ్మ వేసుకునే షుగరు మాత్ర మతిమరుపు రాకుండా కాపాడుతుందట కదా. నాకు షుగరు లేకపోయినా రోజుకొకటి వేసుకుంటే తప్పా?" అని అడిగింది. పిన్ని అత్తగారు చివరి ఆరేళ్ళు కన్నకొడుకునే "ఎవరు బాబూ నువ్వు" అని అడుగుతూ గడిపారు. ఆ ఆరేళ్ళూ ఆవిడకు అన్నం తినిపించింది, స్నానం చేయించింది, అర్ధరాత్రి గడియ తీసుకుని వీధిలోకి వెళ్ళిపోతే వెతికి తీసుకొచ్చింది పిన్నే. అందుకే ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను. వద్దని మాత్రం ఆ రాత్రే చెప్పాను. ఎందుకు వద్దో, ఆ మాత్ర గురించి మనం వింటున్న మాటల్లో నిజమెంతో వివరించడం ఫోన్‌లో కుదరలేదు. ఇది ఆ మిగిలిపోయిన జవాబు.

నేను ఫార్మసీ చదివి, హైదరాబాదు శివార్లలోని ఒక మందుల తయారీ సంస్థలో నాణ్యత పరీక్షల విభాగంలో కొన్నేళ్ళు పనిచేశాను. అమ్మ వేసుకునే షుగరు మాత్రలోని మందు మెట్‌ఫార్మిన్‌ను అక్కడే దగ్గరగా చూశాను. తెల్లటి పొడి, నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది, డబ్బా మూత తీసిన క్షణంలో లీలగా ఎండుచేపల వాసన తగులుతుంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ మాత్రల డబ్బా తెరిస్తే అదే వాసన వచ్చేది. శాకాహారి అయిన అమ్మ ముక్కు చిట్లించుకుంటూనే పదిహేడేళ్ళుగా ఆ మాత్రను మింగుతోంది. నేను వైద్యురాలిని కాను. ఎవరి డాక్టరు రాసిన చీటీనీ మార్చే అధికారం నాకు లేదు. కానీ ఒక మందు గురించి వచ్చిన అధ్యయనాన్ని ఎలా చదవాలో తెలుసు, ఆ మందు ఒక మనిషి మీద పనిచేసిన తీరును పదిహేడేళ్ళు ఇంట్లోనే చూశాను.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. మెట్‌ఫార్మిన్ జ్ఞాపకశక్తిని కాపాడవచ్చన్న ఆశకు ఆధారాలు ఉన్నాయి, అయితే అవి షుగరు లేనివాళ్ళ చేత మాత్ర మింగించేంత బలమైనవి కావు. అంతకన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది. ఏ మాత్ర మతిని కాపాడుతుందని ఆశపడుతున్నామో, అదే మాత్రను ఏళ్ళ తరబడి ఏ పరీక్షా లేకుండా వాడుతూ పోతే అదే మతిని దెబ్బతీసే దారి ఒకటి ఉంది. ఆ దారిని మూసేయడానికి ఒక రక్తపరీక్ష, కొద్దిపాటి ఖర్చు చాలు. అయినా మన ఇళ్ళలో ఆ దారి తెరిచే ఉంటోంది.

ఈ మందు వయసు చిన్నది కాదు. గలీగా అనే మొక్క యూరప్‌లో పొలాల గట్ల మీద పెరుగుతుంది, ఊదారంగు పూలు పూస్తుంది. ఆ మొక్కలోని గ్వానిడిన్ జాతి పదార్థాలకు రక్తంలో చక్కెరను తగ్గించే గుణం ఉందని తెలిసిన తర్వాత, ఆ కుటుంబానికి చెందిన మెట్‌ఫార్మిన్‌ను 1922లో డబ్లిన్‌లో ఎమిల్ వెర్నర్, జేమ్స్ బెల్ తయారుచేశారు. మనుషుల్లో షుగరు జబ్బుకు దాన్ని వాడి ఫలితాలు ప్రకటించింది పారిస్ వైద్యుడు ఝాన్ స్టెర్న్, 1957లో. చక్కెరను తినేసేది అనే అర్థం వచ్చేలా దానికి గ్లూకోఫాజ్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. దీనికి దగ్గరి చుట్టమైన ఫెన్‌ఫార్మిన్ రక్తంలో లాక్టిక్ ఆమ్లాన్ని ప్రమాదకరంగా పెంచడంతో 1970ల చివర్లో చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. ఆ మచ్చ మెట్‌ఫార్మిన్‌కూ అంటుకుని, అమెరికాలో దీనికి అనుమతి 1994 డిసెంబరు దాకా రాలేదు. 1998లో బ్రిటన్‌లోని పెద్ద అధ్యయనం ఒకటి, అధిక బరువున్న షుగరు రోగుల్లో మెట్‌ఫార్మిన్ మరణాలను కూడా తగ్గించిందని చూపించాక, షుగరుకు మొదట రాసే మందుగా ఇది స్థిరపడింది.

ఇక షుగరుకూ మెదడుకూ ఉన్న బంధం. మన శరీరం బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. ఆ శక్తి ప్రధానంగా గ్లూకోజు నుంచే వస్తుంది, దాన్ని మోసుకొచ్చేవి వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే కంటి లోపలి పొరలోనూ, మూత్రపిండాల్లోనూ చిన్న రక్తనాళాలు ఎలా చెడిపోతాయో, మెదడులోనూ అలాగే చెడిపోతాయి. దానికి తోడు, జ్ఞాపకాలకు ఆయువుపట్టు అయిన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో ఇన్సులిన్‌ను అందుకునే గ్రాహకాలు మెండుగా ఉన్నాయి. వాడుకైపోయిన ఇన్సులిన్‌ను ముక్కలు చేసే ఎంజైమే, మతిమరుపు తెచ్చే అల్జీమర్స్ జబ్బు ఉన్నవారి మెదడులో పేరుకుపోయే అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్‌ను కూడా ముక్కలు చేస్తుంది. కాబట్టి రక్తంలో ఇన్సులిన్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఆ ఎంజైము దాని పనిలోనే మునిగిపోయి, అమైలాయిడ్ మిగిలిపోతుందన్న ఊహ ఒకటి ఉంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో జరిగిన అధ్యయనం 1999లోనే, షుగరు ఉన్నవారిలో డిమెన్షియా, అంటే మతి క్రమంగా క్షీణించే జబ్బు ముప్పు దాదాపు రెట్టింపు అని తేల్చింది. అల్జీమర్స్‌ను "మూడో రకం షుగరు" అని కొందరు పిలవడం మొదలైంది ఇలాంటి ఆధారాలతోనే. ఆ పేరు నాకు నచ్చదు. అది వింటే షుగరు ఉన్న ప్రతివారూ తమకు మతి పోవడం ఖాయమనుకుంటారు, అది నిజం కాదు.

ఈ నేపథ్యంలో షుగరు మాత్ర మతిని కూడా కాపాడుతుందా అన్న ప్రశ్న రావడం సహజం. ఆశపెట్టే ఫలితాలు చాలానే వచ్చాయి. సింగపూర్‌లో 55 ఏళ్ళు దాటిన 365 మంది షుగరు రోగులను నాలుగేళ్ళు గమనించిన పరిశోధకులు 2014లో, మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఆలోచనాశక్తి మందగించే ముప్పు దాదాపు సగమేనని, ఆరేళ్ళకు పైగా వాడినవారిలో అది మరీ తక్కువని రాశారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 70 నుంచి 90 ఏళ్ళ మధ్యనున్న 1,037 మందిని ఆరేళ్ళు వెంబడించిన అధ్యయనం 2020లో వెలువడింది. అందులో మెట్‌ఫార్మిన్ వాడే షుగరు రోగుల ఆలోచనాశక్తి, షుగరే లేనివాళ్ళతో సమానంగా నెమ్మదిగా తగ్గింది. మెట్‌ఫార్మిన్ వాడని షుగరు రోగులకు డిమెన్షియా వచ్చే ముప్పు, వాడేవారితో పోలిస్తే ఐదు రెట్లు.

ఐదు రెట్లు అన్న మాట వినగానే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ 1,037 మందిలో షుగరు ఉన్నవారు 123 మందే, వారిలో మెట్‌ఫార్మిన్ వాడినవారు 67 మంది. అంత చిన్న గుంపులో నలుగురైదుగురి తలరాత అటూ ఇటూ అయితే అంకె మొత్తం మారిపోతుంది. పోనీ, గుంపు పెద్దదే అనుకుందాం. అసలు చిక్కు అక్కడ కూడా పోదు. మెట్‌ఫార్మిన్ ఎవరికి రాస్తారు? జబ్బు కొత్తగా బయటపడినవారికి, మూత్రపిండాలు బాగా పనిచేస్తున్నవారికి, మొత్తం మీద కాస్త గట్టిగా ఉన్నవారికి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికీ, గుండె చాలా బలహీనపడినవారికీ డాక్టర్లు దీన్ని ఆపేసి ఇన్సులిన్ వైపు మళ్ళిస్తారు. కాబట్టి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవారి మతి బాగుందంటే, అది మాత్ర చేసిన మేలా, లేక ఆరోగ్యంగా ఉన్నవారికే ఆ మాత్ర దక్కడమా అన్నది కేవలం గమనిస్తూ కూర్చుంటే తేలదు. నాణ్యత విభాగంలో మాకు మొదట నేర్పిన పాఠం, ఫలితాన్ని నమ్మే ముందు నమూనా ఎలా తీశారో చూడమన్నది.

అలాంటి అధ్యయనాల్లో నాకు కొంత ఎక్కువ గురి కుదిరింది, 2023లో ఉత్తర కాలిఫోర్నియా నుంచి వచ్చిన దాని మీద. మూత్రపిండాల జబ్బు కారణంగా కాక వేరే కారణాలతో మెట్‌ఫార్మిన్‌ను మధ్యలో ఆపేసిన 12,220 మందిని, ఆపకుండా వాడిన 29,126 మందితో పోల్చారు. ఇక్కడ అందరూ ఒకప్పుడు మెట్‌ఫార్మిన్ వాడినవారే, అంటే పోలిక కాస్త సమానమైనవారి మధ్య జరిగింది. ఆపేసినవారిలో డిమెన్షియా 21 శాతం ఎక్కువగా కనిపించింది. ఐదు రెట్లతో పోలిస్తే ఇది చిన్న అంకె. నాకు ఇదే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది.

నిజానిజాలు తేల్చే పద్ధతి మరొకటి ఉంది. చీట్లు తీసినట్టు మనుషులను రెండు గుంపులుగా విడగొట్టి, ఒక గుంపుకు మందు, మరో గుంపుకు మందులాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం. అమెరికాలో 1990ల చివర్లో, షుగరు వచ్చే ముందు దశలో ఉన్న వేలమందిని ఇలాగే విడగొట్టి, కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర, కొందరికి వ్యాయామం, ఆహార నియమాలు ఇచ్చారు. మెట్‌ఫార్మిన్ షుగరు రావడాన్ని ఆలస్యం చేసిందని అందులోనే రుజువైంది. ఏళ్ళు గడిచాక వారిలో సుమారు 2,280 మందికి జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టారు. 2017లో ఫలితం వచ్చింది. మెట్‌ఫార్మిన్ గుంపుకూ మిగిలినవారికీ తేడా లేదు. జ్ఞాపకశక్తి స్వల్పంగా తగ్గిన 80 మంది మీద 2016లో ప్రకటించిన చిన్న ప్రయోగంలో, పదాలు గుర్తుంచుకునే ఒక పరీక్షలో మెట్‌ఫార్మిన్ వాడినవారు కాస్త మెరుగ్గా ఉన్నా, మరో ముఖ్యమైన పరీక్షలో ఏ మార్పూ కనిపించలేదు. పిన్నిలా షుగరు లేనివారికి ఈ మాత్రను నేను ఎందుకు వద్దంటున్నానో ఈ రెండు ప్రయోగాల్లోనే ఉంది.

అలాగని తలుపు పూర్తిగా మూసేయడానికి నాకు మనసొప్పదు. 2024లో చైనా పరిశోధకులు వయసు మళ్ళిన మగ కోతులకు 40 నెలల పాటు మెట్‌ఫార్మిన్ ఇచ్చి, వాటి అవయవాలను కణం కణంగా పరిశీలించారు. ఆ కోతుల మెదడు కణాలు, వాటి అసలు వయసు కన్నా దాదాపు ఆరేళ్ళు చిన్న మెదడును పోలి ఉన్నాయని వారు రాశారు. కోతి మనకు ఎలుక కన్నా చాలా దగ్గరి బంధువు కాబట్టి ఆ ఫలితాన్ని కొట్టిపారేయలేం. మెట్‌ఫార్మిన్ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల పనిని కొద్దిగా తగ్గించి, శక్తి తక్కువగా ఉందని కణానికి చెప్పే ఏఎంపీకే అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. అప్పుడు కణం పొదుపు మొదలుపెట్టి పాతబడ్డ సరుకును శుభ్రం చేసుకుంటుంది. ఈ ఇంటి శుభ్రతే మెదడుకు మేలు చేస్తుండవచ్చు. అయితే అవి మగ కోతులు మాత్రమే, సంఖ్య కూడా తక్కువ. ఆడ కోతుల సంగతి ఆ ప్రయోగంలో లేదు. మా ఇంట్లో ఈ ప్రశ్న అడుగుతున్నది ఇద్దరు ఆడవాళ్ళు.

మెట్‌ఫార్మిన్ కన్నా ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న పేరు సెమాగ్లూటైడ్. బరువు తగ్గించే సూదిగా పేరు పడ్డ ఈ షుగరు మందు అల్జీమర్స్‌ను కూడా నెమ్మదింపజేస్తుందని చాలా ఆశలు పెట్టుకున్నారు. ఆ మందు తయారుచేసే డెన్మార్క్ సంస్థ నోవో నార్డిస్క్, తొలి దశ అల్జీమర్స్ ఉన్న 3,808 మంది మీద రెండు పెద్ద ప్రయోగాలు చేసి, 2025 నవంబరులో ఫలితం ప్రకటించింది. జబ్బుకు సంబంధించిన కొన్ని రక్త సూచికలు మెరుగుపడ్డాయి గానీ, మనుషుల జ్ఞాపకశక్తి, రోజువారీ పనులు ఉత్తుత్తి మాత్ర వాడినవారితో సమానంగానే క్షీణించాయి. అంతకుముందు పయోగ్లిటాజోన్ అనే మరో షుగరు మందు కథ కూడా ఇలాగే ముగిసింది. మతిమరుపు రాకుండా ఆపుతుందేమోనని తక్కువ మోతాదులో పరీక్షించిన పెద్ద ప్రయోగాన్ని, ప్రయోజనం కనిపించక 2018లో మధ్యలోనే నిలిపివేశారు. జబ్బు మొదలయ్యాక ఇచ్చిన మందు పనిచేయలేదంటే, ముందుగా ఇచ్చినా పనిచేయదని అర్థం కాదనే వాదన ఉంది. నేనూ దాన్ని ఒప్పుకుంటాను. కానీ రుజువు కావలసింది ఆ వాదనే. రుజువు అయ్యేదాకా అది ఆశ మాత్రమే, వైద్యం కాదు.

ఇక అమ్మ సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

మా అమ్మ ఇంటి లెక్కల్లో దిట్ట. పాలవాడి పద్దు, చీటీల పద్దు, పొలం కౌలు, ఎవరి పెళ్ళికి ఎంత చదివించామో అన్నీ నోటి లెక్కే. పంచాంగం చూడకుండా తిథి చెప్పేది. ఇలాంటి మనిషి నాలుగేళ్ళ క్రితం ఒకే నెలలో పాలవాడికి రెండుసార్లు డబ్బు ఇచ్చింది. అతను మంచివాడు కాబట్టి తిరిగి తెచ్చిచ్చాడు. ఆ తర్వాత పప్పులో ఉప్పు రెండుసార్లు వేయడం, పొయ్యి మీద పాలు మరిచిపోవడం మొదలయ్యాయి. ఒకరోజు పూజ చేసుకుంటూ, చిన్నప్పటి నుంచి రోజూ చదివే స్తోత్రం సగంలో ఆగిపోయి, తర్వాతి చరణం కోసం నా వైపు చూసింది. ఆ చూపును నేను ఈ జన్మలో మరిచిపోను. అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని, దూది మీద నడిచినట్టు ఉందని అంతకు ఏడాది ముందు నుంచే చెబుతోంది. నాలుక నున్నగా ఎర్రబడి, కారం తగిలితే మంట అనేది. ఆరేళ్ళుగా చూపించుకుంటున్న చోట, తిమ్మిర్లు షుగరు వల్లేనని, మతిమరుపు వయసు వల్లేనని చెప్పి పంపించారు. అక్కడ మూడు నెలలకోసారి పరగడుపున, తిన్న తర్వాత చక్కెర చూశారు, మూడు నెలల సగటు చూశారు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూశారు. విటమిన్ బి12 మాత్రం ఆ ఆరేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. తప్పు వారిదని మాత్రమే అనను. మందుల పరీక్షల మధ్య పనిచేసిన నాకు కూడా ఆ ఆరేళ్ళలో ఆ ఆలోచన రాలేదు.

చివరికి పరీక్ష చేయిస్తే బి12 మిల్లీలీటరుకు 132 పికోగ్రాములు వచ్చింది. 200 లోపుంటే లోపమని సాధారణంగా చెబుతారు.

మనం తిన్న బి12, కడుపులో తయారయ్యే ఒక ప్రొటీన్‌తో జతకట్టి, చిన్నపేగు చివరి భాగంలో రక్తంలోకి చేరుతుంది. అలా చేరడానికి కాల్షియం సాయం కావాలి. మెట్‌ఫార్మిన్ సరిగ్గా ఆ చోట అడ్డుపడుతుంది. కాలేయంలో బి12 నిల్వ కొన్నేళ్ళకు సరిపడా ఉంటుంది కాబట్టి, మందు మొదలుపెట్టిన ఏడాదికో రెండేళ్ళకో ఏమీ తెలియదు. నిల్వ కరిగిపోయాక, అంటే మందును అందరూ అలవాటుగా తీసుకుని దాని గురించి ఆలోచించడం మానేసిన సమయానికి, లోపం బయటపడుతుంది. మొక్కల్లో బి12 ఉండదు. మాంసం, చేప, గుడ్డు, పాలు, పెరుగులో ఉంటుంది. అమ్మ గుడ్డు ముట్టదు, పెరుగు బదులు నీళ్ళ మజ్జిగ తాగుతుంది. పైగా గ్యాసు అంటూ ఏళ్ళ తరబడి పొద్దున్నే వేసుకునే ఆమ్లాన్ని తగ్గించే మాత్ర కూడా ఆహారం నుంచి బి12ను విడదీసే పనిని దెబ్బతీస్తుంది. షుగరు మాత్ర, గ్యాసు మాత్ర, శాకాహారం, ఈ మూడూ కలిసిన ఇళ్ళు తెలుగునాట ఎన్నో. ఆ మూడూ ఉన్న ఇంట్లో ఎవరైనా మరుపు గురించి చెబితే, వయసు మీద పడిందనే మాట ఆఖరున రావాలి.

బి12 లోపం దానంతటదే మతిమరుపు తెస్తుంది, నరాల పైపొరను దెబ్బతీస్తుంది, కాళ్ళలో తిమ్మిరి తెస్తుంది. ఆ తిమ్మిరి షుగరు తెచ్చే తిమ్మిరిలాగే ఉంటుంది కాబట్టి రెండోదాని కింద మొదటిది దాక్కుంటుంది. 2013లో ఆస్ట్రేలియా నుంచే వచ్చిన మరో అధ్యయనంలో, మెట్‌ఫార్మిన్ వాడే షుగరు రోగుల ఆలోచనాశక్తి, వాడని వారి కన్నా తక్కువగా ఉంది. ఆ పరిశోధకులు బి12 తక్కువగా ఉండటాన్ని కూడా దానితో కలిపి చూశారు. ఒకే దేశం, ఒకే మాత్ర, రెండు విరుద్ధమైన ఫలితాలు. ఈ చిక్కుముడికి బి12 ఒక్కటే కారణమని నేను అనను గానీ, బి12 చూడకుండా మెట్‌ఫార్మిన్ గురించి, మతి గురించి ఏ మాట చెప్పినా అది సగం మాటే అవుతుందని నా నమ్మకం. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో, మెట్‌ఫార్మిన్ వాడేవారిలో లోపం లక్షణాలుంటే బి12 పరీక్షించాలని, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి అప్పుడప్పుడు చూస్తూ ఉండాలని డాక్టర్లకు చెప్పింది. అమెరికా మధుమేహ సంఘం మార్గదర్శకాల్లోనూ ఆ మాట ఉంది.

అమ్మకు మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఆపైన నెలకొకటి చొప్పున సూదులు వేశారు. మెట్‌ఫార్మిన్ ఆపలేదు. ఆపనక్కరలేదు కూడా, ఎందుకంటే లోటును విడిగా పూడ్చుకుంటే సరిపోతుంది. రెండో నెలలో నాలుక మంట పోయింది. నాలుగో నెలలో స్తోత్రం మొత్తం చదివింది. కాళ్ళ తిమ్మిరి కొంత తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పేర్లు ఇప్పటికీ ఒక్కోసారి తట్టవు. నరాలకు జరిగిన నష్టం ఎక్కువకాలం సాగితే అందులో కొంత శాశ్వతంగా మిగిలిపోతుందని అప్పుడు తెలిసింది. ఆ ఆరేళ్ళలో ఒక్కసారైనా పరీక్ష చేయించి ఉంటే ఆ కొంత కూడా మిగిలేది కాదేమో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. లోపం లేనివారు బి12 మాత్రలు మింగితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని మాత్రం ఎవరూ అనుకోవద్దు. అలా పెరుగుతుందని ప్రయోగాలేవీ చూపించలేదు.

మతికి సంబంధించి షుగరు వైద్యంలో బి12 లోపం కన్నా తొందరగా హాని చేసేది మరొకటి ఉంది, చక్కెర మరీ పడిపోవడం. మెట్‌ఫార్మిన్ ఒంటరిగా ఆ పని దాదాపు చేయదు. కానీ మన దగ్గర "మెట్‌ఫార్మిన్" అని చెప్పుకునే మాత్రల్లో చాలావాటిలో గ్లిమెపిరైడ్ కూడా కలిసి ఉంటుంది. మాత్రల షీటు వెనక చిన్న అక్షరాల్లో రెండు పేర్లు ఉంటాయి, చదివేవారు తక్కువ. గ్లిమెపిరైడ్ తిన్నా తినకపోయినా క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ వదిలిస్తుంది. కార్తీక సోమవారం నక్షత్రం చూసేదాకా ఉపవాసం ఉండే పెద్దావిడ, పొద్దున వేసుకోవలసిన మాత్ర మానకూడదని భక్తిగా వేసుకుంటే, మధ్యాహ్నానికి చెమటలు పట్టి, మాట తడబడి, ఒక్కోసారి స్పృహ తప్పుతుంది. ఇంట్లోవాళ్ళు నీరసం అనుకుంటారు. ఉత్తర కాలిఫోర్నియాలోనే 16,667 మంది షుగరు రోగులను గమనించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఆస్పత్రికి వెళ్ళవలసినంతగా చక్కెర మూడుసార్లు, అంతకన్నా ఎక్కువసార్లు పడిపోయినవారికి తర్వాతి కాలంలో డిమెన్షియా ముప్పు దాదాపు రెట్టింపు ఉంది. గ్లూకోజే ఆహారమైన మెదడుకు ఆ ఆహారం అందకపోతే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు.

చక్కెరను ఎంత గట్టిగా అదుపు చేస్తే మతికి అంత మంచిదనే భ్రమ కూడా దీనితోపాటే పోవాలి. అమెరికాలో షుగరును మామూలు మనుషుల స్థాయికి దించాలని చూసిన పెద్ద ప్రయోగంలో, గట్టిగా అదుపు చేసిన గుంపులో మరణాలు పెరగడంతో 2008లో ఆ భాగాన్ని ఆపేశారు. అదే ప్రయోగంలో జ్ఞాపకశక్తిని పరీక్షించిన భాగం 2011లో వెలువడింది. గట్టి అదుపు వల్ల మతికి ఏ మేలూ కనబడలేదు. అందుకే బలహీనంగా ఉన్న వృద్ధులకు మూడు నెలల సగటు 8 శాతం దాకా ఉన్నా ఫర్వాలేదని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. "మా నాన్నగారికి ఎనభై రెండేళ్ళు, ఆరు దాటనివ్వం" అని గర్వంగా చెప్పే పిల్లలను చూసినప్పుడు, ఆయనకు చివరిసారి చెమటలు పట్టింది ఎప్పుడని అడగాలనిపిస్తుంది.

మన దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల మంది అని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. అదే ఏడాది వచ్చిన మరో జాతీయ అంచనా ప్రకారం 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఈ రెండు గుంపులూ కలిసే చోట మన అమ్మలు, నాన్నలు ఉన్నారు. మెట్‌ఫార్మిన్‌ను ప్రపంచానికి పెద్ద ఎత్తున తయారుచేసి పంపే ఊళ్ళలో హైదరాబాదు ఒకటి. టన్నుల కొద్దీ మందు కదిలే ఆ ఊరిలో, ఆ మందు మింగే మనిషికి ఏడాదికోసారి బి12 చూడడం మామూలు అలవాటుగా మారాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

పిన్నికి మరో రోజు ఇంటికి వెళ్ళి ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. మొత్తం విని, "అయితే నాకేం లేదన్నమాట" అంది. ఉందన్నాను. డిమెన్షియా మీద 2024లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ ఇచ్చిన నివేదిక, మార్చుకోదగిన ముప్పులు పద్నాలుగు ఉన్నాయని, వాటన్నిటినీ తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు అని చెప్పింది. షుగరు ఆ పద్నాలుగింటిలో ఒకటి, వినికిడి తగ్గడం మరొకటి, రక్తపోటు ఇంకొకటి. పిన్ని ఇంట్లో టీవీ గొంతు వీధి చివరికి వినిపిస్తుంది, వంటింట్లోంచి పిలిస్తే పలకదు. మాత్ర కోసం పెట్టదలచుకున్న డబ్బుతో ముందు చెవుల పరీక్ష చేయించుకోమన్నాను. చెవిలో పెట్టుకునే మిషను అంటే ముసలితనం ఒప్పుకున్నట్టేనని రెండు నెలలు బెట్టు చేసింది. చివరికి సంక్రాంతికి ముందు వెళ్ళి చూపించుకుంది.

ఆ పండక్కి అమ్మను చూడడానికి పిన్ని మా ఇంటికి వచ్చింది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని, నలభై ఏళ్ళ క్రితం ఏ పెళ్ళికి ఎవరు ఎంత చదివించారో లెక్కలు తీశారు. ఒకటి రెండు చోట్ల అమ్మకు పేరు తట్టక ఆగితే పిన్ని అందించింది. ఇద్దరూ గొంతు పెంచలేదు. పొద్దుపోయాక మాత్రల డబ్బా తేవడానికి లోపలికి వెళ్ళాను. మూత లోపలి వైపు క్యాలెండరు కాగితం ముక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద అమ్మ చేతిరాతతో, కొద్దిగా వంకర తిరిగిన అక్షరాల్లో, "బి12 – మళ్ళీ మాఘంలో" అని ఉంది. నేను చెప్పి రాయించింది కాదు.